తుప్పు పట్టించుకోవడం ఎలా?

మేడ్చల్, శామీర్‌పేట ఆఫ్ రోడ్ సోదరులకు పదకొండు తిరుగులేని సలహాలు

ఆదివారం తెల్లారేసరికి కొంపల్లి నుంచి, అల్వాల్ నుంచి, ఔటర్ పట్టుకుని ఇంకా ఎక్కడెక్కడి నుంచో థార్లు, జిమ్నీలు, గూర్ఖాలు, ముసలి జిప్సీలు శామీర్‌పేట వైపు బారులు తీరతాయి. మధ్యాహ్నానికి ఒంటినిండా ఎర్రమట్టి పూసుకుని తిరిగొస్తాయి. సోమవారం బండి కడిగాక ఓనరుకు మూడు కనిపిస్తాయి: బంపరు మీద గీతలు, సైడు పైపు కింద లేచిపోయిన రంగు, స్కిడ్ ప్లేటు అంచున నారింజ రంగు మచ్చ. అప్పటినుంచి పంచాయితీ మొదలు. ఒకరు "పెయింట్ కొట్టించన్నా, అగ్గువల అయిపోతది" అంటారు. ఇంకొకరు "పౌడర్ కోటింగ్ చేయించు, జిందగీల మళ్ల చూసే పని లేదు" అంటారు.

ఈ పంచాయితీ తెంపడానికే ఈ సలహాలు. జీడిమెట్ల, మేడ్చల్ పారిశ్రామికవాడల్లో ఏ సందులోకి వెళ్లినా పనికొస్తాయి. వీటిని నమ్మకంగా పాటించినవాళ్లెవరికీ రెండో వానాకాలం తర్వాత అదే రంగు చూడాల్సిన అగత్యం పట్టదు.

1. అన్ని భాగాలకూ ఒకటే మందు

బండిలో దెబ్బలు తినే భాగాలుంటాయి, కాలేవి ఉంటాయి, వంగి లేచేవి ఉంటాయి, పైన ఎండలో ఊరికే కూర్చునేవి ఉంటాయి. వీటిని విడివిడిగా చూడటం మొదలుపెడితే తల పాడవుతుంది. రూఫ్ క్యారియర్‌కు పనికొచ్చింది రాక్ స్లైడర్‌కు ఎందుకు పనికిరాదు? రెండూ ఇనుమే కదా! షాపులో రంగుల కార్డు తెరవండి, ఎక్కువ మెరిసే గడి మీద వేలు పెట్టండి, అడ్వాన్సు ఇచ్చి రండి.

పౌడర్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం కూడా దండగే. రెసిన్, రంగు కలిపి నూరిన పొడిని గన్నులోంచి వదులుతూ 60 నుంచి 100 కిలోవోల్టుల దాకా విద్యుదావేశం ఇస్తారు. ఎర్తు చేసి వేలాడదీసిన ఇనుము ఆ పొడిని లాక్కుంటుంది. ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పది, ఇరవై నిమిషాలు ఉంచితే పొడి కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. ఒక్క పూతకే 60 నుంచి 80 మైక్రాన్ల మందం. థిన్నర్ ఉండదు, కారిన చారలుండవు, గాలిలోకి పోయే ఆవిర్లు దాదాపు సున్నా, రాలిన పొడిని పోగేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్నదానికి ఎక్కడో ఒక లోపం ఉంటుందని అనుమానించడం మర్యాద కాదు.

2. అమెరికా వీడియోలే వేదం

అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఛాసిస్‌ను తినేస్తుంది. వాళ్ల సలహాలన్నీ ఆ ఉప్పు చుట్టూ తిరుగుతాయి. మేడ్చల్‌లో మంచు పడదు, సముద్రం దరిదాపుల్లో లేదు. అయినా వాళ్లు చెప్పిందే కొనండి.

ఇక్కడ ఉన్నది వేరు. దక్కను గ్రానైటు అరిగి రాలిన గరుకు మొరం, క్వారీల దగ్గర పదునైన కంకర, నాలుగు నెలల వాన, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. ముందు మొరం రంగును గీకుతుంది, తర్వాత నీళ్లు ఆ గీతలో దిగుతాయి, ఎండ పూతను పిండి చేస్తుంది. ఇలాంటి చోట ఉప్పు పరీక్షలో ఎన్ని గంటలు నిలిచిందన్నదానికంటే రాయి దెబ్బకు ఎంత లేచిందన్నది ముఖ్యమని కొందరు అంటారు. వాళ్ల వీడియోలకు లైకులు తక్కువ, కాబట్టి వదిలేయండి.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. పౌడర్లలో ఎపాక్సీ రకం ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, ఎండలో మాత్రం సున్నంలా తెల్లబడుతుంది. పాలియెస్టర్ రకం ఎండకు ఆగుతుంది. రెండూ కలిపిన హైబ్రిడ్ ఇంట్లో బీరువాలకూ ర్యాకులకూ వాడేది. మీరు ఏ రకమని అడగకండి. "బ్లాక్ మ్యాట్" అంటే చాలు. బీరువాల ఆర్డరులో మిగిలిన నలుపు డబ్బా వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

3. కడుగుడు గురించి నోరెత్తొద్దు

మంచి పౌడర్ యూనిట్లలో ఏడు తొట్ల పద్ధతి అని ఒకటుంది. జిడ్డు తీయడం, కడగడం, తుప్పు తీయడం, మళ్లీ కడగడం, ఫాస్ఫేటింగ్, మళ్లీ కడగడం, చివరగా ప్యాసివేషన్. తర్వాత తడి లేకుండా ఆరబెట్టడం. చూశారా, ఏడింటిలో మూడు కడుగుడే. డబ్బులిచ్చేది రంగుకు గాని నీళ్లకు కాదు కదా!

అందుకే రేటు అడగండి, ఎప్పుడిస్తారని అడగండి. తొట్లు చూపించమని మాత్రం అడగకండి. ఫాస్ఫేటింగ్ తొట్టి ఎండిపోయి అందులో పాత గోనెసంచులు ఉంటే మనసు పాడవుతుంది. ఇరవై ఏళ్ల గ్రీజు తాగిన బ్రాకెట్‌ను డీజిల్ గుడ్డతో తుడిచి వేలాడదీస్తే ఓవెన్‌లో ఆ జిడ్డే పైకి ఉబికి పూతను కిందనుంచి నెడుతుంది. తీసుకునే రోజు కనిపించదు. మెరుస్తూనే ఉంటుంది.

సాండ్ బ్లాస్టింగ్ చేయించాల్సి వస్తే శుక్రవారం చేయించండి. బ్లాస్టింగ్ అయిన ఇనుము ఒళ్లంతా తెరుచుకుని ఉంటుంది. వానాకాలపు తేమలో కొన్ని గంటల్లోనే ఎర్రబడటం మొదలుపెడుతుంది. శని, ఆదివారాలు షెడ్డులో పడి ఉన్నాక సోమవారం దాని మీదే పూత వేయిస్తే తుప్పుకు పైకప్పు కూడా మీరే వేసినట్టవుతుంది.

4. విప్పే శ్రమ మనకొద్దు

లోయర్ ఆర్మును బుష్షులతో సహా ఇచ్చేయండి. 200 డిగ్రీల దగ్గర రబ్బరు ఏమవుతుందో చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. బేరింగులు, సీళ్లు, ప్లాస్టిక్ బుడిపెలు, అన్నీ అలాగే. ఓవెన్ ఆపరేటరు "సార్, ఇవి ఇప్పించుకొని తీస్కరండి" అంటే, "మీకు పని రాదా?" అని కసరండి.

ఒక్కచోట మాత్రం నవ్వు పక్కన పెట్టాలి. షాకబ్జర్లు, పెట్రోలు ట్యాంకు, రెండు కొసలూ మూసి వెల్డింగ్ చేసిన గొట్టాలు ఓవెన్‌లోకి పోకూడదు. షాకబ్జర్‌లో గ్యాసు, నూనె ఉంటాయి. ఖాళీ ట్యాంకులో ఆవిరి మిగులుతుంది. మూసిన గొట్టంలో గాలి, తేమ వేడికి ఉబ్బుతాయి. మూడూ పేలగలవు. ఓవెన్ ముందు నిలబడేది మీరు కాదు, పని కుర్రాడు. సలహాలు మళ్లీ మొదలు.

5. మరలకు మాస్కింగ్ దేనికి?

వేడికి ఆగే టేపు చుట్టడం, సిలికాన్ బిరడాలు బిగించడం టైం దండగ. మరల్లోకి పౌడర్ పోనివ్వండి. బిగించే రోజు బోల్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతే ఇంకాస్త పొడుగు స్పానరు తెచ్చుకోవచ్చు.

ఇంకా గొప్ప సౌకర్యం ఏమిటంటే, రెండు ప్లేట్లు ఆనుకునే చోట రెండు వైపులా పూత ఉంటే మధ్యలో 150 మైక్రాన్ల దాకా మెత్తని పొర చేరుతుంది. మీరు టార్క్ స్పానరుతో ఎంత బిగించినా, నెల తిరిగేసరికి ఆ పొర నలిగి సర్దుకుని బోల్టు తానే వదులవుతుంది. వీల్ నట్టు కూర్చునే గుంటలో ఈ ఏర్పాటు ఉంటే రాజీవ్ రహదారి మీద చక్రమే ముందు వెళ్లి మీకు దారి చూపవచ్చు.

ఎర్తు వైరు బిగించే చోటును కూడా పూతతో కప్పేయించండి. పౌడర్ విద్యుత్తును అడ్డుకుంటుంది. స్టార్టరు ఎందుకు గొణుగుతోందో, లైట్లు ఎందుకు మసకగా వెలుగుతున్నాయో ఎలక్ట్రీషియన్ వారం రోజులు వెతుకుతాడు. అతనికీ పని ఉండాలి కదా.

6. గడియారం చాలు, థర్మామీటరు వద్దు

మన చుట్టుపక్కల యూనిట్లకు కిటికీ గ్రిల్లులు, ర్యాకులు, రేకు డబ్బాల పనే ఎక్కువ. పలచని రేకు ఓవెన్‌లో ఇట్టే వేడెక్కుతుంది. మీ విన్చ్ ప్లేటు ఆరు మిల్లీమీటర్ల మందం. ఓవెన్ లోపలి గాలి 200 డిగ్రీలకు చేరినా ఆ ప్లేటు చాలాసేపు వెనకే ఉంటుంది. పౌడర్ డబ్బా మీద రాసిన వేడి, నిమిషాలు లోహానికి చెప్పినవి. గాలికి కాదు. ఈ తేడా ఎవరూ పట్టించుకోకుండా చూడండి. గ్రిల్లుల గడియారమే పెట్టించండి.

సగం ఉడికిన పూత చూపుకు నిండుగానే ఉంటుంది. మొదటి రాయి తగిలినప్పుడు పెచ్చులూడుతుంది. తెలుసుకునే పరీక్షలు రెండున్నాయి. మరీ సులువు, అందుకే చేయకండి. ఒకటి, ఘాటైన ద్రావకంలో తడిపిన గుడ్డతో రుద్దడం. రంగు మెత్తబడి గుడ్డకు దండిగా దిగితే సరిగా ఉడకలేదన్నమాట. రెండోది, కనపడని మూల బ్లేడుతో చిన్న చదరపు గళ్లు గీసి, టేపు అంటించి లాగడం. గళ్లు టేపుతో లేచొస్తే పూత ఇనుమును పట్టుకోలేదు. సరిగ్గా ఉడికిన ముక్కను పక్కన పెట్టి పోల్చుకోవచ్చు గాని దాన్ని చూస్తే మీ ముక్క విలువ తగ్గుతుంది.

7. రాళ్లకు తగిలే చోట పౌడరే

రాక్ స్లైడర్, స్కిడ్ ప్లేటు, డిఫరెన్షియల్ గార్డు. ఇవి పుట్టిందే బండకు రాసుకోవడానికి. అక్కడ పౌడర్ వేయించండి. "గట్టిది" అన్నారు కదా.

గట్టిదే. అయితే ఇనుము సొట్టపడినప్పుడు పూత దానితో పాటు వంగలేక చిట్లుతుంది. ఆ చిట్లులోంచి నీళ్లు దూరి, పూతకూ ఇనుముకూ నడుమ మెల్లగా పాకుతాయి. పైన నలుపు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద జానెడు మేర ఎర్రమట్టి అవుతుంది. ఒకరోజు గోటితో గీస్తే అప్పడంలా లేచి చేతికొస్తుంది. అప్పుడు అక్కడే నాలుగు చుక్కల పౌడర్ వేసి సరిచేయలేరు. భాగాన్ని విప్పి, మొత్తం ఒలిచి, మళ్లీ ఓవెన్‌కు మోయాలి.

పెయింట్ అయితే ఈ థ్రిల్లు ఉండదు. దెబ్బ తగిలిన చోట తుప్పు వెంటనే పైకి కనిపిస్తుంది. ఆదివారం సాయంత్రం ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, బ్రష్షుతో నలుపు అద్దితే అయిపోతుంది. ఇంత మామూలు పనిలో గొప్పతనం ఏముంది?

గొట్టాల లోపలి సంగతి అసలు తలుచుకోవద్దు. విద్యుదావేశమున్న పొడి బయటి అంచులనే పట్టుకుంటుంది. లోపలి మూలల్లోకి సరిగా చేరదు, పొడుగు గొట్టంలోకి దాదాపు వెళ్లదు. స్లైడర్ గొట్టానికి నీళ్లు కారే బెజ్జం పెట్టకండి, లోపల మైనం కొట్టించకండి. వాగు దాటిన ప్రతిసారీ కాసిన్ని నీళ్లు గుర్తుగా మిగలనివ్వండి.

8. పగుళ్లను మందంగా కప్పండి

పాత ఛాసిస్ మీద వెల్డింగు దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తే కంగారు వద్దు. పలచని పెయింట్ కింద అది మళ్లీ మళ్లీ తుప్పు చారగా బయటపడి విసిగిస్తుంది. మందమైన పౌడర్ కింద చాలాకాలం అణగి ఉంటుంది. రోల్ కేజ్ గొట్టాలకూ ఇదే వైద్యం. పగులు తీరా బయటపడే వేళకు బండి ఏ వాలు మీద ఉంటుందో అది మీ అదృష్టం.

గుంటల్లో మామూలు పుట్టీ పెట్టించి ఆ పైన పౌడర్ వేయించండి. పుట్టీ మీద ఆవేశమున్న పొడి సరిగా నిలవదు, ఓవెన్ వేడికి పుట్టీయే ఉబ్బి పగులుతుంది. అద్భుతమైన డిజైను వస్తుంది.

కొత్త బండి అయితే ముందు ఫ్యాక్టరీ పూత గీకేయండి. విద్యుత్తు పారే తొట్టిలో బాడీని ముంచి వేసే ఆ పూత సందుల్లోకి, గొట్టాల్లోకి కూడా చేరుతుంది. దాన్ని గ్రైండరుతో లేపి, ఆ చోట బ్రాకెట్ వెల్డింగ్ చేసి, మీద సిల్వర్ స్ప్రే డబ్బా ఒకసారి ఊపి కొట్టండి.

9. పెయింటే కావాలంటే ఇలా

పెయింట్ పక్షం వాళ్లు చిన్నబుచ్చుకోవద్దు. తుప్పు మీదే రెడ్ ఆక్సైడ్ పూయండి. అది ఆరకముందే ఎనామిల్ కొట్టించండి. డబ్బా ఎక్కువకాలం రావాలంటే థిన్నర్ ఎక్కువ పోయించండి. ముసురు పట్టిన రోజు ఆరుబయట స్ప్రే చేయిస్తే తేమ పూతలో చిక్కుకుని పాలు పోసినట్టు తెల్లని మసక వస్తుంది. డబ్బులిచ్చినా దొరకని షేడు అది.

ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రెండు పాళ్లు కలిపే పీయూ పెయింట్ వేస్తే ఛాసిస్ భాగాలకు బాగా ఆగుతుంది, మళ్లీ మళ్లీ సరిచేసుకోవచ్చు. కాబట్టి అది వద్దు. ఒకవేళ వేయించినా, ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయనీ, పీలిస్తే ఉబ్బసం తెస్తాయనీ పెయింటరుకు చెప్పకండి. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపదు. మాస్కు ఖర్చు మీకు మిగులుతుంది. ఊపిరి అతనిది.

10. సైలెన్సరు, కమాన్ పట్టీలు, హై టెన్సైల్ బోల్టులు

సైలెన్సరు గొట్టానికి మామూలు పాలియెస్టర్ పౌడర్ వేయించండి. మొదటి ఘాట్ ఎక్కేసరికి పొగ, వాసన, ఆ తర్వాత పొక్కులు. వేడికి ఆగే సిలికాన్ పెయింట్ వేరే ఉందని చెప్పేవాళ్లను మధ్యలో ఆపండి.

కమాన్ పట్టీలను ఒక్కొక్కటి విడదీసి మందంగా పౌడర్ వేయించండి. అవి పనిచేసేదే ఒకదాని మీద ఒకటి జారుతూ. ఆ జారుడులో పూత పొడై రాలుతుంది, రాలినచోట నీళ్లు నిలుస్తాయి.

హై టెన్సైల్ బోల్టులను తుప్పు తీసే యాసిడ్ తొట్టిలో బాగా నాననివ్వండి. ఆమ్లం వల్ల పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. చూడటానికి కొత్త బోల్టులా ఉండి, బరువు పడ్డాక చెప్పకుండా తెగుతుంది. స్ప్రింగులకూ అంతే.

11. మిలిటరీ పచ్చ, బుల్ బార్

జీపంటే ఆలివ్ గ్రీన్ ఉండాల్సిందే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 121వ నిబంధన ఆ రంగును రక్షణశాఖ బండ్లకే పరిమితం చేసింది. అయినా బొల్లారం, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీదుగానే శామీర్‌పేటకు పోండి. అక్కడ ఆ రంగు తెలిసినవాళ్లు ఎక్కువ, మెచ్చుకుంటారు. వేరే రంగు వేసినా ఆర్‌సీలో మార్పించకండి.

ముందు పెద్ద బుల్ బార్ బిగించి దానికే ఖరీదైన పూత వేయించండి. ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. పాదచారులకు గాయాలు పెరుగుతాయి, ఎయిర్‌బ్యాగుల పని చెడుతుంది అన్నది కారణం. చలానాతో పాటు పౌడర్ బిల్లు కూడా దాచుకోండి, రెండూ ఒకే ఖాతా.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: డిఫరెన్షియల్ కవరు పోత ఇనుము. పౌడర్ వేస్తే సూది బెజ్జాలు వచ్చాయి. ఎందుకు? (మేడ్చల్)

జవాబు: పోత ఇనుములో చిక్కిన గాలి, నూనె ఓవెన్‌లో బయటికొస్తాయి. ముందే ఒకసారి ఖాళీగా వేడి చేసి ఉంటే తగ్గేది. మీకు బెజ్జాలు ఉచితంగా వచ్చినప్పుడు ఫిర్యాదు దేనికి?

ప్రశ్న: ట్రిప్పు నుంచి వచ్చాక బండిని శామీర్‌పేట చెరువులో దింపి కడగొచ్చా?

జవాబు: మీ గ్రీజు, మీ డీజిల్, ఊడిన మీ రంగు పెచ్చులు చేపలకు పెట్టాలన్న మీ ఉదారత గొప్పది. చెరువు ఊరిది కాబట్టి ఊరివాళ్ల సమాధానం కూడా అక్కడే దొరుకుతుంది. ఇంట్లో కడిగేటట్టయితే ఛాసిస్ సందుల్లోని మొరం మాత్రం తీయకండి. తేమను రోజుల తరబడి పట్టి ఉంచడానికి దానంత నమ్మకమైనది ఇంకోటి లేదు.

ప్రశ్న: అల్లాయ్ చక్రాలకు పౌడర్ రెండోసారి, మూడోసారి వేయించొచ్చా?

జవాబు: అల్లాయ్ బలం ఫ్యాక్టరీలో చేసిన వేడి చికిత్స నుంచి వస్తుంది. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు, పలుమార్లు ఉంచితే ఆ బలం తగ్గుతుంది. కాబట్టి పండుగకో రంగు మార్చండి.

ఇక చివరి మాట. ఈ పదకొండూ పాటించే ఓపిక అందరికీ ఉండదు. అలాంటి సోమరులు ఏం చేస్తారంటే, రూఫ్ క్యారియర్‌కు, విన్చ్ ప్లేటుకు, జెర్రీ క్యాన్ స్టాండుకు పాలియెస్టర్ పౌడర్ వేయించుకుంటారు. అదీ తొట్లు కళ్లతో చూశాక, మరలకు మాస్కింగ్ చేయించాక. బండకు రాసుకునే స్లైడర్లకు, స్కిడ్ ప్లేట్లకు, ఛాసిస్‌కు ఎపాక్సీ ప్రైమరు మీద పెయింట్ వేయించి, మిగిలిన అరడబ్బా ఇంటికి తెచ్చుకుంటారు. సైలెన్సరుకు వేడి పెయింట్ కొడతారు. కమాన్ పట్టీలను శుభ్రం చేసి ఊరుకుంటారు. బిల్లులో సగానికి సగం రంగుకు కాక, రంగుకు ముందు చేసే పనికే ఇస్తారు. వాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు, మూడేళ్ల దాకా పెయింటరుతో కూడా పని ఉండకపోవచ్చు.